తాళంచెవికి ముందు ఉల్లిపాయలు

మా పాండియన్ బావకు ఉన్నది ఒక్కటే పిచ్చి. తన విడిదికి ఎవరొచ్చినా సరే, గది తాళంచెవి ఇచ్చే ముందు చేతికి ఒక చాకూ, ఒళ్ళోకి పళ్ళెం నిండా సాంబారు ఉల్లిపాయలూ ఇస్తాడు. ఒలిచినవాళ్ళకే గది.

కోయంబత్తూరులో, గాంధీపురం బస్టాండు వెనక సందులో ఉంది ఆ విడిది. పేరు బెతేల్ ఇల్లం. కింద నా జెరాక్స్ దుకాణం, పైన బావ గదులు. ఆయన నూలు మిల్లులో ఫిట్టరుగా ఉండేవాడు. మిల్లు మూతపడ్డాక మా అక్క జెబమలర్ పోరు పడలేక ఇది తెరిచాడు. చుట్టుపక్కల లాడ్జీలవాళ్ళు ఏసీ ఉందనీ వైఫై ఉందనీ బోర్డులు పెట్టుకుంటే, మా బావ మెట్ల దగ్గర ఉల్లిపాయల బస్తా పెట్టుకున్నాడు.

ఒకసారి మందుల కంపెనీ ఆయన ఒకడు టై కట్టుకుని వచ్చాడు.

"రూమ్ ఉందా?"

"ఉండాది సార్. కూర్చోండి. ఈ వెంగాయం కొంచెం ఒలిచి పెట్టండి."

"నేను గెస్టునయ్యా!"

"గెస్టు కాబట్టే వెంగాయం సార్. మా ఇంటోళ్ళకైతే వెల్లుల్లి ఇస్తా."

పాపం, టై భుజం మీదికి తోసుకుని ఒలిచాడు. అన్నూరు నుంచి వచ్చిన మగపెళ్ళివారిలో పెళ్ళికొడుకు కూడా ఒలిచాడు. ముహూర్తానికి ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్న పెళ్ళికొడుకుని నేను చూసింది అక్కడే. మఫ్టీలో వచ్చిన ఇన్‌స్పెక్టరొకాయన బస్తా అడుగుదాకా ఒలిచి, వెళ్ళేటప్పుడు "ఈ సంగతి స్టేషన్‌లో తెలియకూడదు" అని బతిమాలాడు.

చివరికి ఎవరో ఇంటర్నెట్‌లో రాసిపడేశారు: 'గదులు శుభ్రం. యజమాని మంచివాడు. కానీ వంటపని చేయిస్తాడు.' అంతే, వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. గదులు ఖాళీగా పడి ఉంటే అక్క దిగులుపడింది.

"మిల్లు పోయింది. ఇది కూడా పోతే ఏం చేసేది రా జీవా?"

కోయంబత్తూరులో దొరకని యంత్రం ఉంటుందా? ఉల్లిపాయలు ఒలిచే మిషన్ ఒకటి తెచ్చాను. బావ చర్చికి పోయిన సమయం చూసి బస్తా మొత్తం ఒలిపించేశాను. ఆయన తిరిగొచ్చి, గంగాళం నిండా తళతళలాడుతున్న బోడి ఉల్లిపాయల్ని చూసి గుండె పట్టుకున్నాడు.

"ఎవురు చేసిన పని ఇది?"

"నేనే బావా. ఇంక ఎవుర్నీ అడగాల్సిన పన్లే."

సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు కాళియమ్మాళ్, ఊరు చిన్నమనూరు. చేతిలో ఆస్పత్రి సంచీ. "గది కావాలప్పా" అంది. ఒక్కతే వచ్చింది. కళ్ళలో తడి లేదు. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది.

బావ నన్ను పక్కకు లాగాడు. "పొట్టుతో ఒక్కటన్నా మిగిలిందా?"

"లే బావా. మిషన్ ఒక్కదాన్నీ వదల్లే."

ఆయన లుంగీ ఎగగట్టి పరుగు తీశాడు. సందు మొగలో కూరగాయలమ్మే వీరాయి దగ్గర ఆగి, "అక్కా, వెంగాయం!" అని అరిచాడు.

"ఉండు సామీ, తక్కెడ తీయనీ!"

"అయినంక తూచుకో!" అంటూ తట్టతో సహా ఎత్తుకుని ఉరికాడు. ఆయన వెనక తక్కెడ పట్టుకుని వీరాయి, ఏం జరిగిందో చూద్దామని ఆమె వెనక ఇద్దరు ఆటోవాళ్ళు. ఊరేగింపు మెట్లెక్కింది.

బావ పళ్ళెం తెచ్చి కాళియమ్మాళ్ ఒళ్ళో పెట్టి, ఎదురుగా తానూ చాకు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఒలవసాగింది. కాసేపటికి కళ్ళనీళ్ళు కారాయి. ఇంకాసేపటికి భుజాలు కదిలిపోయాయి.

"నా కొడుకు టెంకాయ చెట్టు మీంచి పడిపోయినాడప్పా. ఈ పొద్దే ఆపరేషన్. వాడు భయపడతాడని, వాడి ముందర ఏడవకుండా పట్టుకొని ఉండాను."

తట్ట కోసం వచ్చిన వీరాయి గొడవ మరిచిపోయి ఆమె పక్కన చతికిలబడింది. బావ కళ్ళు మూసుకున్నాడు. "ఏసప్పా, ఈమె కొడుకు అక్కడ, ఈమె ఇక్కడ. నువ్వు రెండు చోట్లా ఉండు" అన్నాడు. ప్రార్థన అంతే.

నేను వంటింట్లోకి వెళ్ళి, అసలీ ఉల్లిపాయల సంగతేమిటని అక్కని నిలదీశాను.

"విడిది తెరిచిన కొత్తలో గోవిందన్ అని ఒకాయన వొచ్చినాడు" అంది అక్క. "పెండ్లాం ఆస్పత్రిలో. ఊరికే కూర్చోలేక నా చేతిలో వెంగాయం తీసుకొని ఒలుస్తా ఒలుస్తా ఏడ్చేసినాడు. మగోడు ఏడిస్తే ఎందుకని అడుగుతారు, వెంగాయం ఒలిచేవాణ్ణి ఎవురడుగుతారు? అయినంక బోర్డు మీద బెతేల్ అనే పేరు చూసి, ఏసుకి జెబం చెయ్యమని మీ బావని అడిగినాడు. ఈయనకేం తెలుసు? నన్ను చర్చి కాడ దింపి, గేటు బయట స్కూటర్ మీద కూర్చొనే మనిషి. 'ఏసప్పా, చూసుకో' అన్నాడు, అంతే. మరుసటి ఆదివారం లోపలికొచ్చి మగోళ్ళ వరసలో కూర్చొన్నాడు. దేవుడు తనకి ఈ పని ఇచ్చినాడంటాడు."

"సరే, ఆ టై సార్‌కి ఏం కష్టం ఉండాదని ఆయనకి కూడా ఇచ్చినాడు?"

"ఎవురికి ఉండాదో మొగం చూస్తే తెలుస్తుందా? అందుకే అందరికీ ఇస్తాడు."

ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చింది. కొడుకుని తీసుకుని ఊరెళ్ళేటప్పుడు కాళియమ్మాళ్ నాచేత ఇంటర్నెట్‌లో రాయించింది: 'ఇక్కడ ఉల్లిపాయలు ఇస్తారు. వద్దనకుండా తీసుకోండి.' ఆ మాటకో, వీరాయి బస్టాండులో చేసిన ప్రచారానికో తెలియదు, గదులు మళ్ళీ నిండాయి. మిషన్ని పక్క సందులో మెస్సువాడికి ఇచ్చేశాను.

మొన్న దుకాణంలో పని లేక, పైకి వెళ్ళి నేనే ఒక పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాను. బావ వచ్చి నా మొహంలోకి తొంగిచూశాడు.

"ఏంరా జీవా, ఏం కష్టం?"

"ఏమీ లే బావా. వెంగాయం ఘాటు."

"అందరూ మొదట అట్లే అంటారు" అని ముక్కాలిపీట నా దగ్గరికి జరుపుకున్నాడు.