మా బావ వెతికిన ఒకటో అచ్చు

మా బావతో బజారుకు వెళ్లడమంటే నాకు ప్రాణసంకటం. స్టీలు పళ్లెం కొనడానికి వెళితే దాన్ని షాపువాడి బల్ల మీద బోర్లించి, అంచు మీద వేలు పెట్టి నొక్కి, "ఆడుతోంది" అని తిప్పి ఇచ్చేస్తాడు. అద్దం కొనడానికి వెళితే అందులో మొహం చూసుకోడు, పక్కకి వంగి దాని మీద వెలుతురు ఎలా పడుతోందో చూస్తాడు. ఒకసారి అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లి, హాల్లో నేల మీద గోళీ వదిలాడు. అది వంటింటి వైపు దొర్లిందని ఇల్లే వద్దన్నాడు. ఆ ఇంటాయన ఇప్పటికీ నేను ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అనే మాట కనిపెట్టినవాళ్లెవరో గానీ, వాళ్లకి మా బావలాంటి చుట్టం ఒకడు ఉండే ఉంటాడు.

అక్క మొగుడైన ఈ బావది కళ్లద్దాల షాపు. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను, మిషను పక్కన పాత రికార్డు ప్లేయరు. అద్దంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే కన్ను ఆయనది. ఆ కంటికి చెవి కూడా తోడయ్యేసరికి ఇల్లూ షాపూ రికార్డులతో నిండిపోయాయి. నిండితే నిండాయి, పాటలు వింటాడు కదా అనుకుంటారేమో, అదేం లేదు. మనలాంటివాళ్లం రికార్డు కొనేముందు అందులో ఏ పాటలున్నాయో చూస్తాం. బావ దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని ట్యూబులైటు కిందికి వెళ్లి ఏటవాలుగా తిప్పుతాడు. గీతలు చూస్తాడు. కంటి ఎత్తుకి ఎత్తి వంపు చూస్తాడు. నడిమి రంధ్రం సరిగ్గా నడిమినే పడిందా లేదా చూస్తాడు, ఏ కాస్త పక్కకి జరిగినా గొంతు ఊగుతుందట. ఆఖరికి భూతద్దం తీసి, లేబులు చుట్టూ పాట లేని నున్నటి చోట సన్నగా గీసిన అంకె చదువుతాడు.

"అసలు సంగతంతా ఇక్కడుందిరా," అంటాడు. "ఒక అచ్చుతో వందల రికార్డులు నొక్కుతారు. నొక్కగా నొక్కగా అచ్చు పాడవుతుంది. అప్పుడు రెండో అచ్చు చేస్తారు, తర్వాత మూడోది. నీ చేతిలో ఉన్నది ఏ అచ్చుదో ఈ అంకె చెప్పేస్తుంది."

"సరే బావా, పాట ఎలా ఉంది?"

"ఏ పాట?" అంటాడు.

ఇంతవరకూ అయితే నేను నవ్వుకుని ఊరుకునేవాణ్ని. ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం. కానీ ఈ చాదస్తం మా అమ్మ దాకా వచ్చింది.

అమ్మ పెళ్లయ్యాక కూడా పాడేది. పిల్లల పాటల రికార్డులు వేసే చిన్న కంపెనీ ఒకటి ఆమెతో ఒక జోలపాట పాడించింది. అదొక్కటే. నేనప్పటికి పుట్టలేదు. నేను పుట్టి, పాకడం మొదలుపెట్టేసరికి అమ్మ పోయింది. ఇంట్లో ఉన్న రికార్డు కిటికీ దగ్గర ఎండకి వంగిపోయి దేనికీ పనికిరాకపోతే నాన్న పారేశాడు. కంపెనీ కూడా ఎప్పుడో మూతపడింది. నాకు అమ్మంటే గోడ మీది ఫోటో. అక్క అప్పటికి బడికి వెళ్లే పిల్ల కాబట్టి అక్కకి అన్నీ గుర్తే. అయినా ఒకసారి బట్టలు మడతపెడుతూ నాతో అంది, "అమ్మ అన్న మాటలు గుర్తున్నాయిరా. గొంతే జారిపోతోంది. ఎలా ఉండేదా అని పట్టుకోబోతే నా గొంతే వినిపిస్తోంది."

ఈ మాట బావ విన్నాడు. వెతకడం మొదలుపెట్టాడు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. పాత సామాన్ల షాపులన్నీ గాలించాడు. తనలాంటి రికార్డుల పిచ్చివాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకరోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, "దొరికింది, షాపుకి రా, మీ అక్కకి చెప్పకు," అన్నాడు. చేస్తున్న పని వదిలేసి పరుగెత్తాను.

వెనక గదిలో రికార్డు మీద ముల్లు పెట్టాడు. గరగరల్లోంచి ఒక ఆడగొంతు లేచింది. నేను పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ గొంతు వినడం అదే మొదటిసారి. కళ్లజోళ్ల పెట్టె మీద కూలబడ్డాను. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకున్న కాసేపటికి బావ చటుక్కున ముల్లు లేపేశాడు.

"విన్నావా?"

తలూపాను.

"దరిద్రపు చప్పుడు! ఇక్కడే, మళ్లీ విను." ముల్లు వెనక్కి పెట్టాడు. అమ్మ పాడుతుండగా ఎక్కడో చిన్నగా ఘల్లుమంది. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఘల్లుమంది. "అచ్చులోనే ఉంది ఈ దెబ్బ. ఆ తర్వాత గొంతు కూడా కొంచెం ఊగుతోంది చూశావా? ఇది రెండో అచ్చు. ఒకటో అచ్చులో ఇది ఉండదు."

"బావా, అది మా అమ్మ!"

"అందుకేగా చెబుతున్నా. మీ అక్క ఇన్నేళ్లకి వినబోతోంది. వినేది ఇదా? పంటి కింద రాయిలా?"

చేతికందింది ఏదైనా తీసుకుని నెత్తిన కొట్టాలనిపించింది, ఆయన్నో నన్నో. ఫోన్లోకి ఎక్కించి ఇవ్వమన్నాను. "ఫోన్లోనా!" అని ఆయన నావైపు చూసిన చూపుకి నేనేదో బూతు మాట్లాడానేమోనని నాకే అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే అక్కకి చెప్పేశాను. అక్క బావ దగ్గర కూర్చుని, "ఎలా ఉన్నా ఫర్వాలేదండీ, ఒక్కసారి పెట్టండి," అని బతిమాలింది. అప్పుడు తెలిసింది, ఆ మహానుభావుడు దాన్ని అప్పటికే అమ్మినవాడికి తిరిగి ఇచ్చేసి, ఒకటో అచ్చు చూడమని చెప్పి వచ్చాడట. లోపమున్న సరుకు గడప దాటి లోపలికి రాకూడదట. అక్క ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడం వల్లే ఆయన ఇలా తయారయ్యాడని నా నమ్మకం.

తర్వాత కొన్నాళ్లకి అక్కకి కాలింగ్ బెల్లు వినపడడం మానేసింది. తలుపు బాది బాది నా చెయ్యి నొప్పెట్టేది. చెవుల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆయన అక్క చెవులకి ఏవో తగిలించి, శబ్దాలు పంపి, కాగితం మీద గీత గీశాడు. ఆ గీత కొంతదూరం బాగానే నడిచి ఒక్కసారి కిందికి జారిపోయింది.

"ముందు సన్నటి శబ్దాలు పోతాయండీ," అన్నాడు డాక్టరు. "పిట్టల అరుపులు, గంటలు, గాజుల చప్పుళ్లు. నెమ్మదిగా మిగతావీ తగ్గుతాయి. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొన్నాళ్లు బాగానే అందుతాయి. పోయినవి మాత్రం తిరిగి రావు."

దారి పొడుగునా బావ ఆ కాగితాన్నే తిప్పి తిప్పి చూశాడు. హమ్మయ్య, ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాను. మర్నాడే పొరుగూరు ప్రయాణం కట్టాడు. ఒకటో అచ్చు కోసం! అక్కడ రెండో అచ్చుదే ఇంకొకటి దొరికింది. కొన్నాళ్లకి మరొకటి. రెండింట్లోనూ అదే చోట అదే ఘల్లు. రెండూ వెనక్కి వెళ్లిపోయాయి. నేను ఆయన చెవినిల్లు కట్టుకుని పోరాను. అరిచాను, మాట్లాడ్డం మానేశాను, మళ్లీ నేనే మాట్లాడాను. గోడకి చెప్పుకున్నా కాస్త విలువుండేది. "ఇలా నువ్వు అచ్చులు చూసుకుంటూ కూర్చో. అక్కకి చెవులు పూర్తిగా పోయాక తెచ్చి పెడుదువుగాని," అన్నాను ఒకరోజు షాపులో, మనుషులున్నారని కూడా చూడకుండా.

బావ చేతిలో ఉన్న అద్దం తుడుస్తూ, "కొన్నాళ్లే వినగలిగితే, వినేది మంచిదై ఉండాలి కదరా," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. ప్రేమ లేని మనిషైతే తేలిగ్గా తిట్టేయొచ్చు, ఇలాంటివాళ్లతోనే వస్తుంది చావు.

ఆఖరికి రికార్డులు పోగేసే ఒక పళ్ల డాక్టరు దగ్గర ఒకటో అచ్చు దొరికింది. బావ దాన్ని పసిపిల్లాణ్ని తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చాడు. వంపు లేదు, గీత లేదు, రంధ్రం నడిమికి నడిమినే ఉంది. భూతద్దంలో నాకు కూడా చూపించాడు, నున్నటి చోట సన్నగా ఒకటి అంకె. అక్క వినకముందు తను వినకూడదని షాపులో పెట్టి చూడలేదట. ఆదివారం పొద్దున కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మమ్మల్ని కూర్చోబెట్టాడు. అక్క చెవికి మిషను సర్దుకుని ప్లేయరు దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

గరగర లేదు. అమ్మ మా గదిలోనే నిలబడి పాడుతున్నట్టుంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మొదటి చరణం అయిపోయింది. రెండో చరణం మొదలైంది. ఘల్లుమంది. ఇదివరకటికంటే బాగా, విడివిడిగా వినిపించేలా ఘల్లుమంది.

బావ ముల్లు లేపేశాడు.

"ఎందుకు తీశారు?" అంది అక్క.

"ఇందులోనూ ఉంది," అన్నాడు బావ. మొహం నల్లబడిపోయింది. "ఒకటో అచ్చులోనూ ఉంది. అంటే మొదటినుంచీ ఉంది. ఇంక మంచిది లేనట్టే."

"ఏముంది?"

"అదే, ఆ లోపం. రెండో చరణంలో. ఏదో ఇనప సామాను కింద పడ్డట్టు ఘల్లుమని..."

అక్క చేతిని నోటి మీది నుంచి తీసేసింది. "తాళాలు," అంది.

"ఎవరి తాళాలు?" అన్నాను నేను.

"నావే. ఈ పాట రికార్డు చేసిన రోజు, ఇంట్లో చూసేవాళ్లు లేరని అమ్మ నన్ను కూడా తీసుకెళ్లింది. బయటి చప్పుళ్లు రాకుండా గదంతా దుప్పట్లు కట్టేశారు. కదలొద్దు, మాట్లాడొద్దు అంది. చేతులు ఊరికే ఉండవు కదా నాకు, అందుకని ఇంటి తాళాల గుత్తి ఇచ్చి కూర్చోబెట్టింది. పాడుతూ పాడుతూ నావైపు చూసింది. నేను చెయ్యి ఊపా. గుత్తి కిందపడింది. అయిపోయిందిరా బాబూ, వీపు చిట్లిపోతుందనుకున్నా. అమ్మకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూనే పాట పూర్తిచేసింది. వాయించేవాళ్లు అప్పటికే సామాను సర్దుకుంటున్నారు. మళ్లీ పాడించే ఓపిక ఎవరికీ లేక అలాగే వదిలేశారు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు బావ.

"మీరు అడిగారా? లోపం ఉంది, లోపం ఉంది అన్నారే గానీ, ఏ లోపమో ఏనాడైనా చెప్పారా?" అంది అక్క. నేను కూడా చెప్పలేదు. నాకూ అది లోపమే అనిపించింది. "పెట్టండి. ఇంక మధ్యలో ఆపకండి," అంది అక్క.

బావ మళ్లీ పెట్టాడు. రెండో చరణం వచ్చింది. అక్క ముందుకి వంగింది, మొహమంతా వెలుగు. తాళాలు పడ్డాయి. నేను విన్నాను, బావ విన్నాడు. అక్క ఇంకా అలాగే ఎదురుచూస్తోంది. ఆ వెంటనే, ఇన్నాళ్లూ బావ ఊగుతోందని తిట్టిపోసిన చోట, అమ్మ గొంతు నవ్వుతో కొంచెం వణికింది. అది అక్కకి వినబడింది. చిన్నపిల్లలా నవ్వేసి, అంతలోనే కనుబొమలు ముడిచింది.

"తాళాలేవండీ? తాళాలు పడకుండానే నవ్వుతోందేంటి?"

డాక్టరు చెప్పిన సన్నటి శబ్దాల్లో తాళాలూ పోయాయి. మొదటి రికార్డు దొరికిన రోజున అక్కకి అన్నీ వినబడేవి. ఆ రోజే పెట్టి ఉంటే ఈ పాటికి వందసార్లు వినేది. ఆ మాట గట్టిగా అరవాలని నోటి దాకా వచ్చింది. బావ మొహం చూసి మింగేశాను.

బావ ముల్లు మొదటికి పెట్టి వచ్చి, అక్క పక్కన నేల మీద కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పాట నడిచింది. ఆ చప్పుడు ఏ మాట దగ్గర, ఏ అక్షరం మీద పడుతుందో ఆయనకి తెలిసినంతగా ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు. సరిగ్గా అక్కడ వేలితో నొక్కాడు. వెంటనే అమ్మ నవ్వు ఆపుకుంది. అక్క కూడా నవ్వింది.

"ఎలా ఉంది చప్పుడు?" అని అడిగింది పాట అయిపోయాక.

"స్పష్టంగా ఉంది," అన్నాడు బావ. "ఒక్కో తాళం విడిగా తెలుస్తోంది. ఎక్కడా అరుగుదల లేదు."

"మొదటిది దొరికినప్పుడే పెట్టి ఉంటే నాకూ వినపడేది కదండీ," అంది అక్క. కోపం లేదు ఆ మాటలో. ఉన్నా బాగుండేది.

"వినపడేది," అన్నాడు బావ.

"సరే, మళ్లీ పెట్టండి. ఈసారి కొంచెం గట్టిగా నొక్కండి," అని అక్క చెయ్యి చాపింది.