ఎముకల డాక్టరు పదిహేనో పటం

ఊళ్లో డాక్టర్లందరి చదువులూ పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను చదివింది ఎనిమిదో తరగతి. ఫ్యాన్లూ లైట్లూ బిగించడం అతని పని. ఎప్పుడు చూసినా భుజం మీద నిచ్చెన ఉండేది కాబట్టి జనం అతన్ని నిచ్చెన అనే పిలిచేవారు. అసలు పేరు ఏదో గుర్తింపు కార్డులో పడి ఉండేది.

డాక్టర్లకో అలవాటుంది. తమ పట్టాలన్నిటికీ పటాలు కట్టించి, కుర్చీ వెనక గోడకి, కప్పుకి జానెడు కిందగా వేలాడదీస్తారు. రోగికి అవి కనిపించాలి గానీ చదివే వీలు ఉండకూడదు. అంత ఎత్తుకెళ్ళి చదివేవాడు లోకంలో ఎవడైనా ఉంటే వాడు ఫ్యాను బిగించేవాడే. రెక్కలు బిగిస్తూ, బల్బులు మారుస్తూ నిచ్చెన ఇరవై ఏళ్ళలో అన్ని గోడలూ చదివేశాడు. పిల్లల డాక్టరు గోడ మీద అన్నిటికంటే పెద్ద పటం, ఏదో సభకి మూడు రోజులు హాజరైనందుకు ఇచ్చిన కాగితం. కళ్ళ డాక్టరు పట్టాల మీద సంవత్సరాలు లెక్కేస్తే, ఆయన ఐదేళ్ళ చదువుని తొమ్మిదేళ్ళు ప్రేమగా చదివాడు. చర్మం డాక్టరు పటాల్లో ఒకటి ఆయనది కానే కాదు, మామగారిది. పేరున్న చోట చక్కగా పువ్వు బొమ్మ అంటించాడు.

"బావా, కడుపులో మంటగా ఉంది, ఎవరికి చూపించుకోమంటావు?" అని బావమరిది ఓసారి అడిగాడు.

"సందు చివరాయనకి. ఒకటే పటం. అదీ దుమ్ము కొట్టుకుపోయింది. ధైర్యంగా వెళ్ళు."

ఈ బావమరిది ఎముకల డాక్టరు దగ్గర కాంపౌండరు. ఆ ఎముకల డాక్టరు గోడ మీద పద్నాలుగు పటాలుండేవి. వాటిలో ఒకటి బడిలో చదివేటప్పుడు కాగితపు గాలిమరకి వచ్చిన బహుమతి పత్రం. దాన్ని చూడగానే నిచ్చెనకి ఆ మనిషి జీవితమంతా అర్థమైపోయింది. ఆయన యంత్రాలు చేసుకుని బతకాలనుకున్నాడు. వాళ్ళ నాన్నా ఎముకల డాక్టరే. కొడుకుని చెవి పట్టుకుని తీసుకొచ్చి ఎముకల్లో కూర్చోబెట్టాడు. ఆ కోపమంతా కొడుకు ఆస్పత్రి కప్పు మీద చూపించేవాడు. ఆపరేషను గది దీపానికి మోచెయ్యి లాంటి కీలు పెట్టించాడు. కోత మొదలవగానే ఆ దీపం మెల్లగా వంగి రోగికి దండం పెట్టేది. కాంపౌండరు నుదుటి మీద బొప్పి దాని జ్ఞాపకమే. ఇంకోసారి ఫ్యానుకి తుంటి కీలు లాంటి గుండు పెట్టించాడు. స్విచ్చి వేయగానే ఫ్యాను మెడ తిప్పుతూ గదిలో నాలుగు మూలలూ వెతికింది. రోగులు కట్లతోనే లేచి పరుగెత్తారు. ఇవన్నీ బిగించిందీ నిచ్చెనే, ఊడదీసిందీ నిచ్చెనే.

అలాంటి నిచ్చెన చేతికి ఒకరోజు మూడింది. కుడిచేత్తో ఫ్యాను మోటారుని తల మీదికి ఎత్తి పట్టుకుని, ఎడమచేత్తో కొక్కేనికి బోల్టు తోస్తుంటే, భుజంలో గుడ్డ చిరిగిన చప్పుడైంది. మోటారు మాత్రం పడలేదు. అతను బోల్టు బిగించాకే కిందికి దిగి, అప్పుడు అరిచాడు.

"ఇక ఆ చెయ్యి భుజం కంటే పైకి లేపకూడదు. జన్మలో," అన్నాడు ఎముకల డాక్టరు.

"నేను ఫ్యాన్లు బిగించేవాణ్ణి డాక్టరు గారూ."

"అయితే?"

"ఫ్యాన్లు నేల మీద బిగించమంటారా?"

డాక్టరు నవ్వి మందులు రాశాడు. నవ్వు ఆయనకి, మందులు ఇతనికి.

నిచ్చెన పదిహేను రోజులు ఇంట్లో వెల్లకిలా పడుకుని కప్పు చూశాడు. భార్య దర్జీ. కిటికీ పక్కన కరెంటు మిషన్ మీద జాకెట్లు కుడుతూ, నోటితో అతన్ని కుట్టేది.

"ఏమయ్యా, పొద్దున్నుంచీ అలా చూస్తున్నావు, కప్పు నీకేమైనా బాకీ ఉందా?"

"చెయ్యి పైకి వెళ్ళకూడదంటే మనిషి వెళ్ళాలి. మనిషి వెళ్తే ఫ్యానుని పైకి పంపేదెవరు?"

"నా తమ్ముణ్ణి పంపు. వాడి నుదురు ఎలాగూ అలవాటు పడింది."

అప్పుడే అతని కన్ను మూలనున్న పాత కాలుమిషన్ మీద పడింది. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి ఆమె దాన్ని ప్రాణంలా దాచుకుంది. మర్నాడు ఆమె దారపు ఉండల కోసం బజారుకెళ్ళి వచ్చేసరికి మిషన్ తల మంచం మీద, కాళ్ళు పెరట్లో ఉన్నాయి. తొక్కుడు పలకకి తాడు, తాడుకి కప్పీ, ఒకదానిలో ఒకటి దూరే రెండు ఇనుప గొట్టాలు, గొట్టం పైన మెత్త వేసిన బేసిను. మోటారు బేసిన్లో కూర్చుంటుంది. తొక్కితే గొట్టం ఒక్కో మెట్టే పైకి లేచి, కొక్కెం పడి ఆగుతుంది. కనీసం కాగితం మీద అలాగే లేచింది. పెరట్లో మాత్రం అతను ఎంత తొక్కినా చక్రం వెనక్కి తిరిగి బిగుసుకుపోయేది.

ఆమె గుమ్మంలో సంచీ పడేసింది. ముందు తిట్టింది. అతని వంశాన్నీ, నిచ్చెననీ, ఎముకల డాక్టరునీ వరసగా తిట్టాక, తొక్కుతున్న కాలు వంక చూసి మండిపడింది.

"జరుగు అవతలికి! వేళ్ళతో పొడుస్తావేంటి? ముందు మడమ. మడమతో మొదలుపెట్టి, తర్వాత వేళ్ళకి వదలాలి. పదిహేనేళ్ళు తొక్కానయ్యా దీన్ని."

చెప్పులు విడిచి ఆమె ముక్కాలిపీట మీద కూర్చుంది. టక్. టక్. టక్. బేసిన్లో మోటారు పెరటి రేకుల దాకా సాఫీగా లేచింది. రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని అతను మడమ నేర్చుకున్నాడు.

ఆ యంత్రంతో మొదటి ఫ్యాను ఎముకల డాక్టరు కొత్త గదిలో బిగించాడు. ఫ్యాను తనంతట తాను పైకెళ్ళింది. ఇతను తీరిగ్గా నిచ్చెనెక్కి, తల కప్పుకి ఆనేదాకా వెళ్ళి, ఎడమచేత్తో బోల్టు తోశాడు. కుడిచెయ్యి భుజం దాటలేదు. డాక్టరు ఆ యంత్రం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గాలిమర చేసిన కుర్రాడు ఆయన కళ్ళలోంచి బయటికి తొంగి చూశాడు.

"ఓ వారం ఇక్కడ ఉంచు నిచ్చెనా. చూసి ఇస్తాను."

వారం నెలైంది. నెల తర్వాత కాంపౌండరు కబురు తెచ్చాడు. "బావా, డ్రిల్లు పట్టుకురా. సార్‌కి ఇంకో పటం వచ్చింది."

పదిహేనో పటం. నిచ్చెన అలవాటు ప్రకారం పైకెక్కి చదివాడు. భుజం పడిపోయినవాళ్ళు ఫ్యాన్లూ లైట్లూ బిగించుకోవడానికి పనికొచ్చే యంత్రం. కనిపెట్టినవారు, డాక్టరు గారి పేరు, దాని వెనక రెండు వరసల చదువులు. డాక్టర్ల సంఘం ముద్ర. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో: ఒక రోగి మీద పరీక్షించగా మంచి ఫలితాలు వచ్చాయి.

డ్రిల్లు ఆగింది.

"ఈ రోగి ఎవరు సార్?"

"నువ్వేనయ్యా! నిన్ను మర్చిపోలేదు, చూశావా?"

"మరి నా పేరేదీ?"

"రోగుల పేర్లు బయటపెట్టకూడదు. అది మా వృత్తి ధర్మం."

"కనిపెట్టింది నేను కదా సార్."

డాక్టరు నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "కాదనను. కానీ నీ పేరు వెనక ఏం రాస్తాం, చెప్పు? ఏదో ఒకటి ఉండాలిగా. బోసిగా ఉంటుంది."

నిచ్చెన పటం తగిలించి ఇంటికొచ్చాడు. అన్నం కూడా కోపంగా తిన్నాడు. చెయ్యి పోయాక అతనికి మిగిలింది ఆ యంత్రం ఒక్కటే. అది కూడా డాక్టరుదైపోతే, అతను ఈ ఊళ్లో ఫ్యాన్లు బిగించేవాడు కాడు, ఉత్త రోగి.

ఆ ఆదివారం పొద్దున డాక్టర్ల సంఘం వాళ్ళు యంత్రం చూడటానికి వచ్చారు. నిచ్చెనని రోగుల బల్ల మీద కూర్చోబెట్టారు. యంత్రానికి ఏమైనా అయితే పక్కనుంటాడని. ఎముకల డాక్టరు బూట్లు తుడుచుకుని, ఉపన్యాసం చెప్పి, తొక్కుడు పలక మీద కాలు పెట్టాడు. జీవితమంతా కారు తోలిన కాలు అది. మడమ నేలకి ఆనించి, వేళ్ళతో మెల్లగా నొక్కాడు. గొట్టం అదృష్టం కొద్దీ రెండు మెట్లు లేచి, చక్రం వెనక్కి తిరిగి బిగుసుకుపోయింది. ఫ్యాను సరిగ్గా చర్మం డాక్టరు మొహానికెదురుగా ఆగి ఆయన్ని పరీక్షగా చూసింది. ఎముకల డాక్టరు గట్టిగా నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"లేస్తోందా? నాకు కనిపించట్లేదా?" అన్నాడు కళ్ళ డాక్టరు.

"నిచ్చెనా, ఒక్కసారి ఇలా రా," అన్నాడు ఎముకల డాక్టరు, చెమట తుడుచుకుంటూ.

"నేను రోగిని సార్. శ్రమ పడకూడదని మీరే రాశారు."

"అది చెయ్యి! ఇది కాలు!"

"ఒక్కడి మీదే పరీక్షించారు కదా సార్, ఇంకొకరి మీద చూడండి. చర్మం డాక్టరు గారు దగ్గర్లోనే ఉన్నారు."

కాంపౌండరు నోరు మూసుకుని నవ్వబోతే ముక్కులోంచి వచ్చింది. ఎముకల డాక్టరు ఆ ముక్కు వైపు చూసి, బల్ల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఏం కావాలి నీకు?"

"పటం దింపండి. పేరు రాయండి."

కాంపౌండరు నిచ్చెన వేసి పటం దింపాడు. అద్దం తీశారు. నలుగురు డాక్టర్ల ముందు ఎముకల డాక్టరు జేబులోంచి పెన్ను తీశాడు.

"మందుల చీటీలా వద్దు సార్. అక్షరం అక్షరం విడిగా."

గుర్తింపు కార్డులో పడున్న పేరు మొత్తం కాగితం మీదికి వచ్చింది. "వెనక?" అని అడిగాడు పిల్లల డాక్టరు, నిజమైన ఆదుర్దాతో.

"నిచ్చెన అని రాయండి. నా దగ్గరున్నది అదే."

అప్పుడతను చెప్పులు విడిచి, పలక మీద ముందు మడమ వేశాడు. టక్. టక్. టక్.

సాయంత్రం భార్యకి ఈ కథ మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి చర్మం డాక్టరు స్పృహ కూడా తప్పాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

"బాగుంది. వేళ్ళతో తొక్కితే లేవలేదన్నమాట."

"ఎలా లేస్తుంది? మడమతో తొక్కాలి!"

"మడమ నీకెవరు చెప్పారు?"

అతను తన మడమ వంక చూసుకున్నాడు.

"ఆ డాక్టరు నిన్ను రోగి అనైనా రాశాడు," అంది ఆమె, దారం పళ్ళతో తెంపి. "నువ్వు నన్ను అదీ అనలేదు."

మర్నాడు ఆస్పత్రి తలుపులు తీయకముందే నిచ్చెన గుమ్మంలో ఉన్నాడు.

"మళ్ళీ ఏంటయ్యా?" అన్నాడు ఎముకల డాక్టరు.

"ఇంకో పేరుంది సార్."

"ఎవరిది?"

ఇరవై మూడేళ్ళుగా "ఇదిగో" అని పిలిచిన మనిషి పేరు అతను మొదటిసారి పరాయివాడి ముందు పైకి అన్నాడు. డాక్టరు ఈసారి వెనక ఏం రాయాలని అడగలేదు. నిచ్చెనే చెప్పాడు, దర్జీ అని.

పటాన్ని కప్పు కింద మళ్ళీ తగిలించలేదు. రోగుల బల్ల మీద కూర్చుంటే కళ్ళకి సరిగ్గా ఎదురుగా వచ్చే ఎత్తులో మేకు కొట్టాడు. వారం తర్వాత ఆమె మోకాలు నొప్పని వంక పెట్టుకుని వచ్చి, ఆ బల్ల మీద కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా రెండుసార్లు చదివింది.

"అడుగున ఇంకా ఖాళీ ఉందే," అంది. "నా మిషన్ కాళ్ళు ఎప్పుడు తెచ్చిస్తావో అది కూడా రాయించాల్సింది."