నీళ్ళ డ్రమ్ము కాడ నల్లద్దాలు

వయసులో మొటిమలు అందమే అంటారు కొందరు పెద్దవాళ్ళు. అలా అనేవాళ్ళ మొహాలు ఒకసారి చూడండి, ఒక్కరికీ వచ్చి ఉండవు. ఆ రోజుల్లో నాకు వచ్చినవి మాత్రం చుట్టపుచూపుగా రాలేదు, మూటాముల్లె సర్దుకుని కాపురానికే వచ్చాయి. బుగ్గల మీద ఒకటి మానుతుంటే గడ్డం మీద రెండు లేచేవి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కర్దనూరులో ఇల్లు, గుమ్మడిదల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేదాన్ని కాదు, అద్దంలో నా మొహం నాకే కనిపిస్తుందని. ఏడుపొస్తే బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చేదాన్ని. వాడకట్టులో కొందరు కంపెనీల గాలికే ఇలా అవుతోందన్నారు, కొందరు నూనె పదార్థాలన్నారు. మా నాయనమ్మ శనగపిండి, పసుపు, వేపాకు అన్నీ వరసగా పట్టించి, ఏదీ పని చేయకపోయేసరికి తప్పు నా మీదికే తోసింది. "మందులల్ల తప్పు లేదు. నువ్వు గిల్లుకుంటున్నవ్. గిట్లనే గిల్లుకో, మొకం లారీలు తిరిగిన రోడ్డు లెక్క అయితది" అంది. ఆమె మాట అబద్ధం కాదు. గిల్లుకునేదాన్ని.

నా ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఇంజెక్షను మందు నింపిన చిన్న గాజు సీసాలను ఒక్కొక్కటే లైటు ముందు పట్టుకుని, ఒకసారి నల్ల బోర్డుకు, ఒకసారి తెల్ల బోర్డుకు ఎదురుగా తిప్పి చూడాలి. లోపల నలుసంత కనిపించినా తీసి ఎర్ర ట్రేలో పెట్టాలి. కళ్ళు బాగున్నాయని డాక్టరు కాగితం రాసిస్తేనే ఆ కుర్చీలో కూర్చోనిచ్చేవారు. అంటే మచ్చ కనిపిస్తే పక్కన పడేయడం నా వృత్తి. (ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే అవే కళ్ళు అదే పని చేసేవి. జీతం లేని ఓవర్‌టైము.) అయినా ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. ఎందుకంటే లోపలికి పోయేముందు తల నుంచి పాదం దాకా తెల్ల బట్టలు, టోపీ, మాస్కు తగిలించుకోవాలి. కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించదు. పేరుతో కూడా పని లేదు, ఛాతీ మీద ఒక నంబరుంటుంది. నాది పదిహేడు. రోజుకు ఎనిమిది గంటలు నేను మొటిమల్లేని మనిషిని.

సీసాల ట్రేలు మా గదికి గోడలో బిగించిన ఒక పెట్టెలోంచి వచ్చేవి. దానికి అటొక అద్దం తలుపు, ఇటొక అద్దం తలుపు. అవతలి వాళ్ళు ట్రే పెట్టి తమ తలుపు మూస్తే తప్ప మా తలుపు తెరుచుకోదు. అవతల ట్రేలు పెట్టే అబ్బాయి నంబరు నలభై రెండు. వాళ్ళ గేటు వేరు, బస్సు వేరు, అన్నం తినే వేళ వేరు. ఫోన్లు బయట లాకర్లలో ఉండేవి. అద్దాల మధ్య నుంచి మాట వినిపించదు. నాకు తెలిసిందల్లా అతని కళ్ళూ, మధ్యలో చిన్న గాటున్న ఎడమ కనుబొమ్మా. ట్రే పెట్టినప్పుడల్లా ఆ కనుబొమ్మ ఒకసారి పైకెత్తేవాడు. అది నమస్తే. పని ఎక్కువున్న రోజు వేళ్ళతో ఇంకా ఎన్ని ట్రేలున్నాయో చూపిస్తే నేను కళ్ళు తేలేసేదాన్ని. అది తిట్టు. అతని కళ్ళు నవ్వేవి. ఏడు నెలలు ఇదే మా సంభాషణ. నా పక్క కుర్చీలో మేమంతా విజయవాడక్క అని పిలిచే ఆవిడ కూర్చునేది. పెళ్ళై ఇటు వచ్చి పదేళ్ళయినా ఆ ఊరి మాట పోలేదు. "ఏమ్మా పదిహేడూ, నలుసులు సీసాల్లో వెతకమంటే కిటికీలో వెతుకుతున్నావేంటి?" అనేది. అతను జోగిపేట వైపు అబ్బాయనీ, కాంట్రాక్టు మీద చేస్తున్నాడనీ చెప్పింది కూడా ఆవిడే. పేరు ఆవిడకూ తెలియదు.

ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు అతను ట్రే పెట్టి, తలుపు మూసి, చేతి తొడుగున్న అరచెయ్యి అద్దానికి ఆనించాడు. దాని మీద మార్కరుతో రాసుంది: సేఫ్టీ డే, నీళ్ళ డ్రమ్ము కాడ. తర్వాత మాస్కు మీద వేలు పెట్టి, కిందికి లాగుతున్నట్టు సైగ చేశాడు. (అక్కడ తొడుగు మీద రాతలు రాయడం పెద్ద తప్పు. అతను తిరిగి వెళ్ళి మార్చుకునే ఉంటాడు.) ఏటా మార్చిలో ఒక శనివారం ఫ్యాక్టరీలో సేఫ్టీ డే జరుపుతారు. అన్ని షిఫ్టులూ, అన్ని గేట్లూ ఒకే టెంటు కిందికి వచ్చేది ఆ ఒక్క రోజే. నేను ఆలోచించకుండా తల ఊపేశాను. ఊపాక గుర్తొచ్చింది. అతను ఏడు నెలలుగా చూసిందంతా మాస్కు పైన. కింద ఏముందో అతనికి తెలియదు. ఇంకా ఐదు వారాలు ఉంది.

పటాన్‌చెరులో మొబైల్ దుకాణం పైన ఒక చర్మం డాక్టరమ్మ ఉండేది. 'లేజర్, లైట్ ట్రీట్‌మెంట్' అన్న బోర్డు బస్సులోంచి రోజూ చదివేదాన్ని. ఆమె నా మొహాన్ని భూతద్దం పెట్టి చూసింది, సరిగ్గా నేను సీసాలు చూసినట్టే. "ఇది మంత్రం కాదమ్మా. వారానికి రెండుసార్లు నీలం లైటు పెడదాం. దాంతో పాటు క్రీములు రాయాలి. తగ్గుతాయి. పూర్తిగా పోతాయనీ, మళ్ళీ రావనీ మాత్రం చెప్పను" అంది.

"ఐదు వారాల్లో తగ్గాలి మేడం. లేజరు కూడా పెట్టండి."

"అంత తొందరేంటి? పెళ్ళి కుదిరిందా?"

"కాదు మేడం. సేఫ్టీ డే ఉంది."

ఆమె ఆ తేదీ అడిగి కాగితం మీద రాసుకుంది. నీలం లైటు నొప్పి లేదు. కళ్ళ మీద నల్లటి మూతలు పెట్టి, మొహం మీదికి లైటు వంచి పోయేవారు. వెచ్చగా ఉండేది. పడుకుని అతను మాస్కు తీస్తే ఎలా ఉంటాడో ఊహించుకునేదాన్ని. మీసం ఒకరోజు పెట్టి ఒకరోజు తీసేసేదాన్ని. నా పోరు పడలేక డాక్టరమ్మ మూడో వారం ఒకే ఒక్కసారి, అదీ తక్కువ మోతాదులో, లేజరు చేసింది. మన రంగు చర్మానికి ఎక్కువ పెడితే మచ్చలు నల్లబడతాయట. రబ్బరు బ్యాండు లాగి లాగి మొహం మీద వదిలినట్టుంది. ఫ్యాక్టరీలో మొహమంతా కప్పి కళ్ళు వదిలేస్తారు, ఇక్కడ కళ్ళు కప్పి మొహమంతా వదిలేస్తున్నారని పడుకుని అనుకున్నాను కూడా. (ఆ ఆలోచన ఇంకో రెండడుగులు ముందుకు నడిచి ఉంటే ఇప్పుడు ఇది రాసే పని ఉండేది కాదు.)

ఆ సాయంత్రం ఎర్రగా కందిన మొహంతో ఇంటికి పోతే నాయనమ్మ చేతిలో చాట కింద పెట్టింది. "ఏందే గిది?"

"లేజరు, నాయనమ్మా. మొటిమలకు."

"అంటే పైసలిచ్చి మొకం కాలవెట్టిచ్చుకున్నవా? మేము గొడ్లకు వాతలు పెట్టిచ్చినం గని, పాపం అవి అడిగి పెట్టిచ్చుకోలే."

కానీ అబద్ధం ఎందుకు, మొహం బాగుపడింది. ఎరుపు రెండు రోజుల్లో పోయింది, కొత్తవి లేవడం తగ్గింది. ఐదో వారానికి సగానికి సగం తేటపడింది. అద్దం ముందు నిలబడి నల్ల చున్నీ ఎదురుగా ఒకసారి, తెల్ల గోడ ఎదురుగా ఒకసారి చూసుకున్నాను. ఎర్ర ట్రేలో వెయ్యక్కర్లేదనిపించింది. ఎండ తగలనివ్వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. క్రీము రాసుకోమంది, గొడుగు పట్టుకోమంది. ఆమె చెప్పింది అంతవరకే. పటాన్‌చెరు బస్టాప్ దగ్గర బండి మీద, సగం మొహం మూసేంత వెడల్పు నల్లద్దాలు కొన్నది మాత్రం నా సొంత తెలివి. ఏళ్ళ తరబడి మొహం దాచుకున్నదానికి మొదటిసారి సోకు చేసుకోవాలనిపించింది. పెట్టుకుని బండివాడి అద్దంలో చూసుకుంటే బాగున్నాను. మీరు నమ్మరు, నాకు నేను బాగున్నాను.

సేఫ్టీ డే నాడు మిట్టమధ్యాహ్నం ఎండ. టెంటు కింద ప్రతిజ్ఞ అయింది, పెద్దసారు ప్రసంగం అయింది. ప్రమాదమనేది మన అజాగ్రత్త లోంచే పుడుతుందని ఆయన చెబుతుంటే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత తాడు లాగుడు పోటీలు మొదలయ్యాయి, జనం అటు పోయారు. నేను నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడ్డాను. మాస్కు లేదు, చున్నీ కట్టుకోలేదు, మొహం పూర్తిగా విప్పుకుని నిలబడ్డాను. అలా నిలబడటం నాకు ఎంత కష్టమో మొటిమలు వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. కాసేపటికి అతను వచ్చాడు. నీలం చొక్కా, కొంచెం ఎత్తు పళ్ళు, మీసం ఉంది. ఆ గాటు కనుబొమ్మ లేకపోతే నేనూ పోల్చుకునేదాన్ని కాదు. అతను డ్రమ్ము చుట్టూ నిలబడ్డ ఒక్కొక్క అమ్మాయి మొహంలోకీ చూస్తూ వచ్చాడు. నా దగ్గరికొచ్చాడు. చూశాడు. నేను నవ్వాను. అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"జెర జరుగుతరా అక్కా, నీళ్ళు వట్టుకుంట" అన్నాడు.

ఇన్ని నెలల్లో అతని గొంతు వినడం అదే మొదలు. నేను జరిగాను. అతను మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు, నాలుగోది చేతిలో పట్టుకుని అక్కడే తచ్చాడాడు, వచ్చే పోయే ఆడపిల్లల వైపు చూస్తూనే ఉన్నాడు. నాకు అర్థమైపోయింది, లేదా అయిందనుకున్నాను. గుర్తుపట్టాడు. ఈ మొహం చూశాడు. చూసి, 'అక్కా' అని పక్కన పెట్టేశాడు. పైగా ఇంకా మంచి పదిహేడు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. రోజుకు ఎన్ని సీసాలను నేను అలాగే తిప్పి చూసి ఎర్ర ట్రేలో వేశానో గుర్తొచ్చింది. తాడు లాగుడు అయిపోయి, బస్సుల హారన్లు మోగేదాకా అతను అక్కడే ఉన్నాడు. తర్వాత గ్లాసు బుట్టలో పడేసి, తల వంచుకుని వాళ్ళ బస్సు వైపు వెళ్ళిపోయాడు. కర్దనూరు దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. నల్లద్దాలు ఉండబట్టి ఎవరికీ కనిపించలేదు. ఎంత మంచి వస్తువు కొన్నానో అనుకున్నాను.

ఇంటి ముందు నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను గేటు తీసి లోపలికి రాగానే తలెత్తి చూసింది.

"ఎవలు బిడ్డా? ఎవలింటికొచ్చినవ్?"

"నేనే, నాయనమ్మా."

"నువ్వానే?" కాసేపు తేరిపార చూసి విసుక్కుంది. "గా నల్లద్దాలు తీస్తె గద తెలుస్తది. కండ్లు గానరాకుంటె మనిషినెట్ల పోల్చాలె?"

నేను అక్కడే, గేటు పట్టుకుని నిలబడిపోయాను. నన్ను పుట్టిన రోజు నుంచి చూసిన మనిషి ఆమె. అతను చూసింది రెండు కళ్ళు. ఆ రెండింటినీ నేనే చేజేతులా మూసేసుకుని, ముందెన్నడూ చూడని మొహం ఒకటి తీసుకుపోయి అతని ముందు పెట్టాను. ఎండలో అంతసేపు అతను వెతికింది నన్నే. నాయనమ్మ "ఏమైందే, ఎందుకేడుస్తున్నవ్?" అంటూ చింతపండు చేతులతోనే లేచి వచ్చింది. మొటిమలు మండుతున్నాయని చెప్పాను.

ఆదివారమంతా ఏం రాయాలా అని ఆలోచించాను. సోమవారం పొద్దున్నే తొడుగు మీద 'నల్లద్దాల పిల్ల నేనే' అని రాసుకుని పెట్టె దగ్గర కాచుకున్నాను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. అవతలి తలుపు మూసుకుంది, నలభై రెండు నంబరు కనిపించింది. వెంటనే అరచెయ్యి అద్దానికి ఆనించాను. అవతలి కళ్ళు ఆ అక్షరాలు చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివి, భయంగా వెనక్కి జరిగాయి. కనుబొమ్మకు గాటు లేదు. బట్టలు అవే, నంబరు అదే, లోపలి మనిషి వేరు.

విజయవాడక్క నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "వాళ్ళ కాంట్రాక్టు శనివారంతో అయిపోయిందమ్మా. కొత్తవాళ్ళొచ్చారు. నీకు తెలీదా?" అంది. నాకు తెలియదు. అతనికి తెలుసు. అందుకే ఆ రోజే రమ్మన్నాడు. ఆవిడ నా తొడుగు తీసి, ఎవరూ చూడకముందే చుట్టి చెత్త డబ్బాలో వేసి, "కూర్చో, ట్రే వచ్చింది" అంది. కూర్చున్నాను. ఆ రోజు నా లైటు ముందు ప్రతి సీసాలోనూ నలుసులే కనిపించాయి.

మొటిమలు తర్వాత మెల్లగా పోయాయి, క్రీములు కొంత, వయసు కొంత. గడ్డం మీద రెండు మచ్చలు మిగిలాయి. నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. కరోనా వచ్చి లోకమంతా మాస్కు కట్టుకున్నప్పుడు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంగారెడ్డి బస్టాండులో నిలబడితే నా చూపు జనం ఎడమ కనుబొమ్మల మీదికే పోయేది. గాటున్న కనుబొమ్మ ఒక్కటే దొరికింది, అరటిపళ్ళు బేరమాడుతున్న ఒక పెద్దాయనది. ఇప్పటికీ ఎండాకాలం వస్తే మా ఆయన, "కండ్లు గుంజుతున్నయంటవ్, అద్దాలు కొనిస్తనంటె వద్దంటవ్, ఏంది నీ కథ?" అంటాడు. కథేమీ లేదంటాను. కళ్ళు చికిలించుకునే నడుస్తాను, వాటి చుట్టూ గీతలు కూడా పడుతున్నాయి. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఎప్పుడన్నా నాకు ఎదురుపడితే మొహం గురించి ఒక్క మాటా అనను, గిల్లుకోవద్దని కూడా చెప్పను. డ్రమ్ము దగ్గరికి వెనకనుంచి పోయి, ఆ నల్లద్దాలు తీసి నా సంచిలో వేసుకుని, నా దారిన నేను వచ్చేస్తాను.