మామిడి కొత్తకు ముందు పొడుగు రొట్టె

మూరెడు పొడవున్న రొట్టెను పక్కనుంచి చీల్చి, రెండు భాగాలూ పూర్తిగా విడిపోకుండా పుస్తకంలా తెరిచి, లోపల వెన్న రాసి, ఉడికించిన బంగాళాదుంప, ఉల్లి, టొమాటో, కీరా ముక్కలు పేర్చి, వాటిమీద పచ్చి మామిడికాయ పచ్చడి పరిచి, మళ్ళీ మూసి పెనం మీద అదిమి కాల్చేవారు. విశాఖనుంచి విహారానికి వచ్చిన నౌకాదళ కుర్రాళ్ళు దాని ఆకారం చూసి సబ్‌మెరైన్ అన్నారు. నేను జలాంతర్గామి అని తెలుగు చేశాను. నా భార్య ఈ రెండు పేర్లనూ పక్కకు నెట్టి పొడుగు రొట్టె అంది. కొట్టు ముందున్న పలక మీదికి చివరకు ఆమె పెట్టిన పేరే ఎక్కింది.

ఆ కొట్టు అరకు రైల్వే స్టేషను వెనక, సంతకు పోయే దారిలో ఉండేది. నేను అక్కడి జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. తొంభైల మధ్యలో తెరిచిన ఆ కొట్టును భార్యాభర్తలిద్దరూ నడిపేవారు. అతడు పల్లపువాడు, విశాఖలో ఒక బేకరీలో చాలాకాలం పనిచేసినవాడు. ఆమె లోయకు పైనున్న కొండ ఊరి ఆడపడుచు. రొట్టెలు అతని పాత బేకరీనుంచి పొద్దుటి పాసింజరు బండిలో, వెదురు బుట్టలో వచ్చేవి. బండి ఏ సొరంగం దగ్గరైనా ఆగిపోతే ఆ పూట కొట్టు లేనట్టే.

సాండ్విచ్ అనే పదార్థాన్ని నేను ఇతర చోట్ల రుచి చూడకపోలేదు. స్టేషను క్యాంటీనులో మూడు మూలల ముక్కలు దొరికేవి. వాటి అంచులు ఎండి పెదవులకు గుచ్చుకునేవి. పర్యాటకుల హోటల్లో తెల్లగుడ్డ పరిచిన బల్లమీద పెట్టేవారు గాని, ఆ ఎర్రటి సాసు తీపికి నాలుక వెగటెక్కేది. తరువాత చాలా ఏళ్ళకు విశాఖలో అద్దాల తలుపుల దుకాణం ఒకటి వచ్చింది. అద్దం వెనక నిలబడ్డ అమ్మాయి ఏ రొట్టె, ఏ కూర, ఏ సాసు అంటూ వరసగా అడుగుతుంటే, జీవితమంతా ప్రశ్నపత్రాలు తయారు చేసిన నాకే చెమటలు పట్టాయి. స్టేషను వెనక కొట్టులో ఆ బాధ లేదు. వాళ్ళు అడిగేది ఒక్కటే: గుడ్డు ఉన్నదా, లేనిదా. మా ఇంట గుడ్డు నిషిద్ధం. మొదటిసారి వెళ్ళినప్పుడు, పెనం వేరేదేనా అని నేను ఎన్నిసార్లు అడిగానో గాని, మరుసటి వారానికి కొట్టతను ఒక కొత్త పెనం కొని, ఇది మేస్టారి పెనమని అందరికీ చూపించి నవ్వించాడు. ఏటా వేసవి సెలవులు మొదలైన తరవాత ఏదో ఒక సాయంత్రం మేమిద్దరం అక్కడికి నడిచి వెళ్ళి, మామిడికాయ పచ్చడి రొట్టె చెరిసగం తినేవాళ్ళం. అది మా ఏడాదిలో ఒక పర్వదినం.

ఆ శతాబ్ది ముగియవచ్చిన కాలంలో, ఒక ఫాల్గుణ మాసాన, నా భార్యకు మన్యపు జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గాని మందుల చేదు ఆమె నోటిని విడవలేదు. అన్నం చేదు, పాలు చేదు, చివరకు మంచినీళ్ళు కూడా చేదు. ముద్ద పెదవి దాకా వచ్చి ఆగిపోయేది. నేను ఉప్పుపిండి చేశాను, పెసరకట్టు కాచాను, కంది పచ్చడి నూరాను. నా వంట మీద నాకే నమ్మకం లేకపోతే ఆమెకు ఎలా కలుగుతుంది? రోజురోజుకూ ఆమె గాజులు ముంజేతి మీదుగా మోచేతి వైపు జారుతుంటే, వాటి చప్పుడు వినలేక నేను పెరట్లోకి పోయి నిలబడేవాణ్ణి.

ప్రభుత్వాసుపత్రి డాక్టరు వారానికొకసారి, శుక్రవారం సంత రోజున, మా కాలనీకి వచ్చి చూసేవారు. ఆ వారం ఆయన ఆమెను తూకం వేసి, పెదవి విరిచి, నన్ను గుమ్మం బయటికి పిలిచారు. వచ్చే శుక్రవారానికి తిండి మొదలుకాకపోతే విశాఖకు దించి సెలైను పెట్టించక తప్పదన్నారు. ఆ మెలికల ఘాటు రోడ్డును, ఆ కుదుపును ఈ శరీరం తట్టుకుంటుందా అని అడిగాను. ఆయన సంచీ సర్దుకున్నారు. అంతకు ముందు వానాకాలంలో మా వీధినుంచి అలాగే ఘాటు దిగిన ఒక ఉపాధ్యాయుడు మళ్ళీ ఎక్కి రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె కళ్ళు తెరిచి, ఎంతో ఆలోచించినట్టు మెల్లగా అంది:

"ఏమండీ, ఆ పొడుగు రొట్టె తెస్తారా? మామిడికాయ పచ్చడితో. అదొక్కటే గొంతు దిగుతుందనిపిస్తోంది."

నేను చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా బయలుదేరాను. అరకులో ఇంకా మామిడికాయ రాలేదు గాని, శృంగవరపుకోటనుంచి బండిలో వచ్చిన ఒక ఆమె స్టేషను మెట్ల మీద పల్లపు కాయలు పెట్టుకు కూచుంది. ఏరి ఏరి సంచీ నింపుకుని కొట్టుకు చేరాను. సంగతి చెబుతూనే, ఆత్రంలో, కాయలన్నీ కొట్టావిడ కూరలు తరిగే చెక్కమీద గుమ్మరించాను.

ఆమె చెక్కనుంచి చేతులు చటుక్కున వెనక్కి తీసుకుంది. పెనం దగ్గరున్న భర్త స్టవ్వు ఆర్పేశాడు. బల్లమీద తింటున్న ఇద్దరు కొండవాళ్ళు నావైపు చూసి, మళ్ళీ ఆమె ముఖం వైపు చూశారు.

"మేస్టారూ, బేగి తీసీండి," అంది ఆమె.

తీసి సంచీలో వేసుకున్నాను. ఏం తప్పు జరిగిందో అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, నన్ను నొప్పించకూడదన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మగోరికి పెట్టననీ కాదు. మా ఊరు ఇంకా కొత్త తినలేదు. తినేదాకా నాను కాయ ముట్టుకోకూడదు, కోయకూడదు, నూరకూడదు. నా సేత్తో అవదు బాబూ."

కొండ ఊళ్ళలో ఏ పంటనైనా ముందు ఊరి దేవతకు పెట్టి, అందరూ కలిసి పండుగ చేసుకున్న తరవాతనే నోట పెడతారు. మామిడికి ఆ పండుగ చైత్రంలో వస్తుంది. మామిడి కొత్త అంటారు. ఈ మాట నేను వినకపోలేదు. కానీ మేము ఏటా ఆ కొట్టుకు వెళ్ళేది ఆ పండుగ దాటిన తరవాతనే గనుక, నా రొట్టెకూ ఆ కట్టుబాటుకూ ముడి ఉందని ఏనాడూ తట్టలేదు. వేళకు ముందే ఒకరు తింటే కీడు ఆ ఒక్కరితో పోదట. ఊరంతటికీ, ఊరి పిల్లలకూ, పశువులకూ చుట్టుకుంటుందట.

పోనీ ఆయన నూరితే కాదా అని అతనివైపు తిరిగాను. అతడు తల గోక్కున్నాడు.

"నానైతే నూరీగలను మేస్టారూ. నా సేతి పచ్చడి తింటే ఉన్న జొరానికి ఇంకోటి తోడౌద్ది. అయినా ఆ రాయి దానిది. పెనం ఒక్కటే నాది."

పండుగ ఎప్పుడని అడిగాను. దిసారి చెప్పాలన్నారు. మంచిరోజులు చూసే ఊరి పెద్దను అక్కడ దిసారి అంటారు. ఆయన ఎప్పుడు చెబుతాడని అడిగాను. చూసి చెబుతాడన్నారు. అంతకు మించిన సమాధానం నాకు దొరకలేదు. పచ్చడి లేని రొట్టె ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చారు. వెనుదిరుగుతూ చూస్తే, ఆమె ఆ చెక్కను పసుపునీళ్ళతో కడుగుతోంది.

ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, వంటింట్లో నేనే కాయ తురిమి, మిరపకాయా ఉప్పూ వేసి నూరి, రొట్టెలో పరిచి తీసుకువెళ్ళాను. నా భార్య ఒక కొరుకు కొరికి, నమలడం ఆపి, మిగిలినది నా చేతిలో పెట్టింది.

"ఇది మీరు చేసింది," అంది.

ఇక దాచలేక జరిగినదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ, ఈ దెబ్బతో ఉన్న ఆశ కూడా పోతుందేమోనని ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె కప్పు వైపు చూస్తూ విన్నది. ఆ అమ్మాయికి ఎంత ఇబ్బంది కలిగించారండీ అంది. తరవాత, తీర్పు చెప్పినట్టు, వాళ్ళ ఊరు తిన్ననాడే తానూ తింటానంది. నాకు ఒళ్ళు మండింది. దేహంలో రక్తం లేని మనిషికి ఈ వ్రతం ఎందుకని లోలోపల ఉడికిపోయాను. ఖాళీ గ్లాసు పట్టుకుని లేచాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచింది.

"కాస్త గంజి కాచండి. అందాకా ఉండాలి కదా."

ఉప్పు వేసిన గంజి సగం గ్లాసు తాగింది. ముఖం వికారంగా పెట్టి, కళ్ళు మూసుకుని, మందు తాగినట్టే తాగింది. అయినా తాగింది. మరునాడు ఇంకొంచెం ఎక్కువ తాగింది. అది నాకు ధైర్యం ఇవ్వాలి, ఇవ్వలేదు. ఆమె ఒక పండుగను పట్టుకు వేలాడుతోంది, ఆ పండుగకు తేదీ లేదు. శుక్రవారానికి మాత్రం తేదీ ఉంది. దిసారి పదిహేను రోజులు దాటించి చెబితే? విన్నాక ఆమె గంజి కూడా మానేస్తే? పంచాంగం ముందు వేసుకుని, ఆయన ఏ తిథిని ఎంచుకుంటాడా అని నేను లెక్కలు కట్టేవాణ్ణి. ఆయన చూసేది నా పంచాంగం కాదన్న సంగతి తెలిసీ కట్టేవాణ్ణి.

రోజూ కళాశాలకు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి కొట్టు ముందు ఆగేవాణ్ణి. నన్ను దూరంనుంచి చూడగానే కొట్టావిడ చేతిలో పని ఆగిపోయేది. నేను మోసుకువచ్చే వార్త ఏమిటోనని ఆమె కళ్ళు ముందు నా ముఖాన్ని వెతికేవి. గంజి తాగుతోందని చెబితే మళ్ళీ కత్తి కదిలేది. భర్త మాత్రం వేళాకోళం మానలేదు. మా ఊళ్ళో ఒక పెద్ద గుంటడు పండగ కోసం ఏడుస్తన్నాడని దిసారికి కబురంపేమని ఒకనాడు అన్నాడు. గుంటడంటే అక్కడ పిల్లవాడు. నేను నవ్వబోతే పెదవులు సహకరించలేదు.

మంగళవారం సాయంత్రం ఆమే రోడ్డు మీదికి ఎదురువచ్చి చెప్పింది. లక్ష్మివారం కొత్త తింటారట. డాక్టరు రావలసిన శుక్రవారానికి ముందురోజు.

గురువారం పొద్దున్నే నా భార్య తల దువ్వించుకుని, గోడకు ఆనుకుని వరండాలో కూచుంది. గంజి ఇస్తే ఇవాళ వద్దంది. కడుపు ఖాళీగా ఉంచుకుంటానంది. రైలు వచ్చే వేళకు నేను కొట్టుకు వెళ్ళాను. తలుపుకు తాళం వేసి ఉంది. పండుగనాడు ఆమె తన ఊళ్ళో ఉండక కొట్టులో ఎందుకు ఉంటుంది? ఇన్నిరోజులు తిథులు లెక్కపెట్టిన నాకు ఇంత చిన్న విషయం తోచలేదు. ఆ కొండ ఊరికి నడిచి పోదామా అంటే దారి తెలియదు; పోతే ఇంట్లో నా భార్య ఒంటరి. స్టేషనులో ఆ రొట్టెల బుట్ట కోసం అడిగితే ఎవరో అప్పుడే విడిపించుకు పోయారన్నారు.

ఇంటికి వచ్చి అబద్ధమాడాను. బండి ఆలస్యమన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. మధ్యాహ్నానికి గోడనుంచి పక్కకు ఒరిగింది. లోపల పడుకోమంటే వినలేదు. గంజి మళ్ళీ కాచి తెచ్చాను. గ్లాసు పక్కనే చల్లారిపోయింది. ఎండ ముంగిలి దాటి గోడమీదికి ఎక్కుతుంటే, రేపు ఘాటు దిగడానికి ఎవరి జీపు అడగాలా అని నా మనసు ఆ దారిలో పరుగెత్తసాగింది.

పొద్దు వాలే వేళ కొట్టువాళ్ళిద్దరూ వచ్చారు. ఆమె జడలో అడవిపూలున్నాయి. పాదాలనుంచి మోకాళ్ళదాకా ఎర్రదుమ్ము. రొట్టెల బుట్ట పొద్దుటే విడిపించుకుని అతడు ఆమె ఊరికి పట్టుకుపోయాడట. దేవతకు పెట్టడం, ఊరంతా తినడం అయ్యాక, అక్కడే రాతిమీద కొత్త కాయ నూరి, పొయ్యిమీద రొట్టె కాల్చి, అడ్డాకులో చుట్టి తెచ్చారు. పెనం కూడా మేస్టారిదే మోసుకెళ్ళానని అతడు ముందే చెప్పాడు.

నా భార్య పొట్లం విప్పింది. కొరికింది. నమిలింది. ఆగింది. నేను ఆమె గొంతు వైపే చూస్తున్నాను. మెట్టుమీద కూచున్న కొట్టావిడ కూడా అక్కడే చూస్తోందని అప్పుడు గమనించాను. ముద్ద దిగింది. ఇంకో కొరుకు కొరికింది.

కొట్టావిడ మోకాళ్ళమీద తల ఆనించి ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని నా భార్యతోనే అంది:

"మీకేటైనా అయితే, నా సేతులారా అయిందనుకుంటారు కదమ్మా అందరూ. నూరితే మా ఊరికి కీడు, నూరకపోతే మీకు. ఇన్నాళ్ళూ నాకూ ముద్ద దిగనేదు."

నా భార్య చేతిలోని రొట్టె విరిచి ఒక భాగం ఆమెకు అందించింది. ఆమె తీసుకుంది. ఇద్దరూ తిన్నారు. తనది సగం కూడా పూర్తి చేయలేకపోయినా, నా భార్య ఆకును నాకిచ్చేయకుండా, మిగిలినది తరవాత తింటానని ఒళ్ళోనే పెట్టుకుంది.

శుక్రవారం డాక్టరు తూకం వేశారు. ముల్లు గతవారం కన్నా కిందికి దిగలేదు. కాస్త పైకే ఉన్నట్టుందని ఆయన వంగి రెండోసారి చూశారు. విశాఖ మాట ఎత్తలేదు. పథ్యం గురించి ఏవేవో చెబుతుంటే ఆమె బుద్ధిగా తల ఊపింది. ఆయన మలుపు తిరగగానే నన్ను పిలిచి, ఇవాళ కొట్టు తెరిచి ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. అయితే నేను తెచ్చిపెట్టనక్కరలేదనీ, పెనం మీదనుంచి తీసింది తీసినట్టు అక్కడే తింటాననీ, సాయంత్రం చల్లబడ్డాక నడిపించుకు తీసుకువెళ్ళమనీ అంది.

సరేనన్నాను. అంటూనే, స్టేషను వెనక ఆ ఎత్తు ఎలా ఎక్కుతుంది, మధ్యలో కళ్ళు తిరిగితే ఎక్కడ కూచోబెట్టాలి, సంత జనం తోసుకుంటే ఎటు తప్పించాలి అని భయపడుతూ, దారిలో నీడ ఎక్కడెక్కడ ఉందో చూసి రావడానికి గొడుగు తీసుకుని ముందుగా బయలుదేరాను.