పోల్చుకోలేని ముసుగు

ఉల్రిక్ లరాడ్ ఫిడేలు వాయిస్తుంటే ముందుగా వినిపించేది అతని కుడికాలే. మడమ, మునివేళ్లు, మళ్లీ మడమ. కెనడా తూర్పు తీరాన ఉన్న మా షెటికాంప్‌లో ఏ వంటింటి చెక్కనేల మీద ఆ తాళం పడినా, వాయించేదెవరో వీధిలోంచే చెప్పేవాళ్లం.

అందుకే మీ-కారేమ్ వారం అతనికి అచ్చిరాదు. ఈస్టర్ ఉపవాసాల నడుమ వచ్చే ఆ వారం మేం ముసుగులేసుకుని ఇంటింటికీ తిరుగుతాం. ఇంటివాళ్లు పోల్చుకుంటే ముసుగు తీయాలి. లేకపోతే అలాగే వెళ్లిపోవచ్చు. ఉల్రిక్ ముఖానికి ఏం చుట్టుకున్నా కాలు ఆడించేసరికి దొరికిపోయేవాడు.

"ఆ కాలికి కూడా ముసుగు తొడగరా!" అని వాళ్లక్క ఒఫెలీ పగలబడి నవ్వేది.

ఎప్పుడో పడవలో జారి విరిగిన ఆ కుడికాలి చీలమండే పెద్దయ్యాక అరిగిపోయి, అడుగు తీసి అడుగు వేయనివ్వలేదు. డాక్టర్లు కీలు తీసేసి, ఎముకలు కలిపి మరలు బిగించారు. కట్టు విప్పేదాకా ఒఫెలీయే తన ఇంట్లో ఉంచుకుంది.

"కాలు నేలమీద పెట్టావో, రెండోది నేను విరగ్గొడతా!"

"వంట కాస్త బాగా చెయ్యవే అక్కా, కదలకుండా పడుంటా."

నొప్పి పోయింది. దానితోపాటు చీలమండ వంగడమూ పోయింది. డాక్టరు ముందే చెప్పాడు. నొప్పి పోతుందన్న మాట ఒక్కటే ఉల్రిక్ చెవికెక్కింది. అడుగు గుండ్రంగా ఉన్న కొత్త బూటు నేల మీద చప్పుడే చేయదు.

కాలు తాళం వేయలేక ఫిడేలు మూలన పడింది. ఆపరేషనైన రెండో ఏడు మీ-కారేమ్‌కి ముందు, పక్కింట్లో ఉండే నన్ను కంచె దగ్గర ఆపాడు.

"అమ్మాయ్, ఈసారి ముసుగేసుకొస్తున్నా. ఎవరికీ చెప్పకు. నన్ను పోల్చుకున్నారంటే నా వాయింపు ఇంకా బతికున్నట్టే."

ఆ సాయంత్రం ఒఫెలీ వంటింట్లో నేనూ ఉన్నాను. కుంటుతూ ఒక ముసుగు లోపలికొచ్చింది. నడక దాచుకోవడానికి ముసుగువాళ్లందరూ కుంటేవాళ్లే కనక, "దొంగ కుంటుడు!" అని గోల చేశారు. అతను కూర్చుని ఫిడేలు తీగలకి కమాను ఆనించాడు. పాట సగంలోనే తడబడింది. చెయ్యి కాలి కోసం ఆగుతున్నట్టు ఆగి, మళ్లీ మొదలైంది. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ అన్నారు. ఉల్రిక్ పేరు ఎవరూ అనలేదు. నేను ముసుగునే చూస్తూ కూర్చున్నాను.

"ఎవరో పరాయివాడు," అంది ఒఫెలీ. "మా ఉల్రిక్ ఉంటే వీడికి తాళమంటే ఏంటో చూపించేవాడు."

ముసుగు తలొంచి లేచింది. అలాగే వెళ్లిపోయింది.

వసంతంలో ఏటేటా చూపించుకునే పరీక్షకి నేనే కారులో తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే చూసి మురిసిపోయాడు. "ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది. కింది కీలు మీద బరువు పడుతోంది, దాన్ని ఏటా చూస్తూండాలి. ఇంకేమైనా ఇబ్బందుందా?"

"నొప్పి లేదండీ," అన్నాడు ఉల్రిక్. బూటు తొడుక్కుని లేచాడు.

తిరిగొచ్చేసరికి ఒఫెలీ వేడివేడి చేపల పులుసు పోసి పెట్టింది.

"ఒరే, మొన్న ముసుగులో వచ్చిన ఆ పరాయివాడెవడో ఏమన్నా తెలిసిందా?"

"తెలీదక్కా." ఉల్రిక్ చెంచా అందుకున్నాడు. "మళ్లీ రాడులే."

"రాకపోతే మంచిదే. తిను, చల్లారిపోతోంది."