మద్రాసు కలకత్తా రోడ్డు మీద మా అత్తగారు

మొన్న నక్కపల్లి దాటాక, కారు నడుపుతూ మా అమ్మాయి అడిగింది, ఈ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందని. చెన్నైలో మొదలై కోల్‌కతా దాకా పోతుందన్నాను. ఇప్పుడు దీని నంబరు పదహారు. మా రోజుల్లో అయిదు. కాయితాల మీద అది ఒరిస్సాలోనే ఆగిపోయేదట, అయినా మేమంతా కలకత్తా రోడ్డనే అనేవాళ్లం. ఈ కబుర్లలో ఉండగానే మా అనకాపల్లి రావడం, ఇంకా ముందుకి పోవలసిన పని ఉండి ఊళ్లో అడుగైనా పెట్టకుండా మేం దాటిపోవడం అయిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఈ బైపాస్ కోసం మా అత్తగారు చేసిన ప్రార్థనలు అన్నీ ఇన్నీ కావు.

అప్పట్లో ఆ రోడ్డు ఊరి మధ్య నుంచి, సరిగ్గా మా గుమ్మం ముందు నుంచే పోయేది. ఇటు మా ఇల్లు, అటు చర్చి. ఆదివారం పొద్దున్నే చర్చి తలుపులు తీసి, ఊడ్చి, చాపలు పరిచే పని నేను కాపురానికి రాకముందు నుంచీ మా అత్తగారిదే. ఆవిడ పరిచిన చాప ఎవరైనా కాస్త జరిపారో, ఆ వారమంతా వాళ్ల పని అయినట్టే. అయితే రెండువేల సంవత్సరం వచ్చేసరికి లారీలు మరీ ఎక్కువైపోయాయి. బెల్లం లోడ్లు, బొగ్గు లోడ్లు, పగలూ రాత్రీ ఒకటే మోత. ఒక ఆదివారం ఆవిడ రోడ్డు మధ్యలో ఇరుక్కుపోయింది. ముందొక లారీ, వెనకొక లారీ, చేతిలో చీపురు. ఆవిడకేమీ కాలేదు గాని మా ఆయన హడలిపోయారు. ఇకమీదట కోడలు చెయ్యి పట్టుకుంటేనే రోడ్డు దాటాలని తేల్చి చెప్పేశారు. కోడలికేమో వంట తెమలాలి. మేం వెళ్లేసరికి, చర్చి పక్కనే ఉండే మా అత్తగారి తోటికోడలు, అంటే మా చిన్నత్తగారు, చాపలన్నీ పరిచేసి గుమ్మంలో నిలబడి ఉండేది. "రా అక్కా, కూకో. నువ్వెందుకు కష్టపడ్డం," అనేది తియ్యగా. మా అత్తగారికి ఒళ్లు మండిపోయేది. ఆ మంటంతా తిరుగుదారిలో నా మీద.

"సెయ్యొగ్గేయ్. నానేటి సంటిపిల్లనేటి?" అని విదిలించుకునేది. "మద్రాసోడికి కలకత్తాలో పనుంటే నా గుడి పని నాను మానుకోవాలేటి?"

ఊరవతల చెరకు పొలాల మీదుగా బైపాస్ వేస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ, అటు నుంచి ఎవరొచ్చినా ఆవిడ మంచినీళ్లకన్నా ముందు రోడ్డు సంగతే అడిగేది. చివరికి తెరిచారు. ఆ ఆదివారం నిశ్శబ్దానికే నాకు మెలకువ వచ్చింది. అత్తగారి మంచం ఖాళీ. గుమ్మంలోకి పరిగెత్తాను. ఆవిడ రోడ్డుకి నట్టనడుమ, చీపురు భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఒకసారి మద్రాసు వైపు చూసింది, ఒకసారి కలకత్తా వైపు చూసింది. ఒక సైకిలు తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యా, పక్కకి రండి," అన్నాను.

"ఎందుకే? ఎవడొత్తాడో రానీ, సూద్దాం," అంది. ఎవడూ రాలేదు. అప్పుడు తీరిగ్గా, పెళ్లివారి నడకతో అవతలికి వెళ్లింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నేను తయారై వెళ్లేసరికి చాపలు గీత గీసినట్టు పరిచి ఉన్నాయి. చిన్నత్తగారు జడ వేసుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అప్పుడే వచ్చేసేవేటి అక్కా?" అంది నీరసంగా.

"రా, కూకో. నువ్వెందుకు కష్టపడ్డం," అంది మా అత్తగారు.

ఆ రోజు కీర్తనల్లో ఆవిడ గొంతు ముందు మా ఎవరి గొంతూ వినిపించలేదు. కాళ్లు కదిలినన్నాళ్లూ ఆ చాపలు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. రోడ్డుకి నంబరు మారింది, పాత రోడ్డు మీద ఆటోలు పెరిగాయి. ఇప్పటికీ చర్చికి వెళ్లేటప్పుడు నేను నడిమధ్యన ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూస్తాను. వెనకనుంచి ఆటోవాడు హారన్ కొడతాడు. కొట్టుకోనీ. ఎన్నేళ్లు గడిచినా నా లెక్కలో ఆ రోడ్డు మా గుమ్మం దగ్గర మొదలై, చర్చి గుమ్మం దగ్గర ఆగుతుంది.