నెగటివ్ పారేయని మనిషి

గాజువాకలో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, సమర్తలు, స్టీల్ ప్లాంటు గేటు పాసు ఫొటోలు, అన్నీ రీలు కెమెరాతోనే లాగించాను. రెండు వేల సంవత్సరం దాటాక డిజిటల్ వచ్చి నా నోట్లో మట్టి కొట్టింది. "ఇంకా రీలేనేటి బావా?" అని పక్క కొట్టువాళ్లు నవ్వుతుంటే ఒళ్లు మండేది. చివరికి తెలిసినవాళ్లెవరూ కనబడరని ద్వారకానగర్ దాకా పోయి, డిజిటల్ కెమెరా ఓనమాలు నేర్పే ఆదివారం క్లాసులో చేరాను. ఏం చేస్తుంటారని అడిగితే "కిరాణా కొట్టండీ" అన్నాను. స్టూడియో వాడు ఓనమాలు దిద్దుకుంటున్నాడంటే పరువేముంటుంది?

నా పక్కన ఉక్కునగరం నుంచి వచ్చే ఒకావిడ కూర్చునేది. యాభై ఏళ్లుంటాయి, మెడలో చిన్న సిలువ. మూడో వారం ఆవిడ తన కెమెరా నా ముందుకు జరిపి, "ఫొటో తియ్యనివ్వట్లేదు అన్నయ్యగారూ. ఏటో నిండిపోయిందంటంది, కాస్త సూడండి" అంది.

నిండిపోతే ఏం చేస్తాం? కొత్త రీలు వేస్తాం. నా వేళ్లకు తెలిసింది అదొక్కటే. ముందువారం నేర్పిన, మెమరీ కార్డును మళ్లీ కొత్తదానిలా చేసే ఫార్మాట్ నొక్కాను. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. చదివితేగా! ఓకే కొట్టేసి, "ఇదిగోనమ్మా, ఇప్పుడు తీసుకోండి" అని గొప్పగా ఇచ్చాను.

ఆవిడ పాత ఫొటోలు చూసే మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. "మా ఆయన ఏడన్నయ్యగారూ?" అంది.

ప్లాంటులో పనిచేసే భర్త అంతకు ముందు ఏడాదే పోయాడట. ఆ కెమెరా ఆయన కొన్నదే. ఆఖరి నెలల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని బయటికి తీసి కాగితం మీద వేయించుకోవడం ఎలాగో నేర్చుకుందామనే ఆవిడ క్లాసుకొచ్చింది.

నా కొడుకు వయసుంటుంది మాస్టారికి. వచ్చి చూసి, "ఏం నొక్కారు సార్?" అన్నాడు.

"ఆపి మళ్లీ ఆన్ చేశానంతే. కార్డే పాడైపోయుంటుంది" అన్నాను. ఛీ, ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట!

"కార్డే పోతే మనమేం చెయ్యలేమమ్మా. ఇంకా పనిచేస్తుందేమో కొత్త ఫొటోలు తీసి చూడండి" అన్నాడతను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని తలూపింది.

మరుసటి ఆదివారం పాఠం కార్డుల గురించే. "పొరపాటున ఫార్మాట్ కొట్టినా కంగారు పడకండి. వెంటనే చెప్పి, దాని మీద కొత్త ఫొటోలు తియ్యకుండా తెస్తే చాలావరకు వెనక్కి తేవచ్చు" అన్నాడు మాస్టారు.

ఆవిడ అప్పటికే వారమంతా చర్చిలో పిల్లల్ని, పెరట్లో మొక్కల్ని తీసి కార్డు మళ్లీ నింపేసింది. "నాది ఫార్మాట్ కాదు కదా, కార్డే పాడైంది" అని నావైపు తిరిగి తనకు తనే సర్దిచెప్పుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నొక్కింది తెలియక నొక్కాను, సరే. నోరు మూసుకుంది మాత్రం తెలిసే. ఆ తర్వాత క్లాసుకు వెళ్లలేదు.

కొన్ని నెలలకు ఆవిడే నా స్టూడియో మెట్లెక్కింది. చేతిలో రంగు మారిన పాత ఫొటో కవరు, దాని మీద నా కొట్టు ముద్ర, నెగటివ్ నంబరు. భర్త పెట్టెలో దొరికిందట.

"మీరా! కిరాణా కొట్టన్నారు?"

తల కొట్టేసినట్టయింది. పాత నెగటివ్‌లు దాచిన రేకు పెట్టె దించి వెతికాను. దొరికాడాయన. గేటు పాసు కోసం టై కట్టుకుని, నిటారుగా కూర్చున్న పడుచువాడు. పెద్దది చేసి ఇచ్చాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "ప్రభువే మిమ్మల్ని సూపించాడన్నయ్యా" అని ఏడ్చేసింది. నిజం గొంతు దాకా వచ్చింది. "పర్లేదమ్మా" అన్నాను.

ఇప్పటికీ ఉక్కునగరం నుంచి ఎవరో ఒకరు పాత కవరు పట్టుకుని వస్తుంటారు. "మీరు ఎవరి ఫొటోనీ పోగొట్టరంట కదా, ఆవిడ సెప్పింది" అంటారు.